చెమట పట్టని వేసవి

మూత్రం ఆపుకోలేని బాధకు డాక్టర్ గారు ఆక్సిబ్యుటినిన్ మాత్రలు రాశారు. బాగా పనిచేశాయి, ఆ మాట కాదనను. నోరు ఎండుతుందని కూడా చెప్పారు. చెమట తగ్గుతుందనీ, కడప ఎండల్లో జాగ్రత్త అనీ మాత్రం చెప్పలేదు. "నీ జాకెట్టు తడవనే తడవదు, అదృష్టవంతురాలివి" అని మా ఆడపడుచు ఒకటే మెచ్చుకోలు.

ఆ రాత్రి కరెంటు పోయింది. మాది బండల మిద్దె. పగలంతా కాగిన బండలు పడుకునే వేళకు కూడా వేడి కక్కుతున్నాయి. వాంతి అయింది. తర్వాత నాకేమీ గుర్తు లేదు. కోడలిని చూసి "ఎవరమ్మా నువ్వు, ఎప్పుడొచ్చావు?" అన్నానట. ఆ పిల్ల నా మెడ కింద చెయ్యి పెడితే పెనాన్ని తాకినట్టుంది, చెమట చుక్క లేదు. డాక్టర్ గారికి ఫోను చేస్తే, "పెద్దవాళ్ళకు ఎండలకు ఇలాగే ఉంటుంది. పారాసిటమాల్ వేసి పడుకోబెట్టండి, పొద్దున చూద్దాం" అన్నారు. పొద్దున ఎవరిని చూసేవారో!

పక్కింటి నర్సమ్మ మాత్ర పక్కన పెట్టించింది. జ్వరంలో ఒంటి వేడిని పెంచేది మెదడే కనుక పారాసిటమాల్ పనిచేస్తుంది, వడదెబ్బకు అది పనికిరాదు. ఆమె, కోడలు కలిసి నా ఒళ్ళంతా తడిపి, 108 వచ్చేదాకా విసనకర్రలతో విసురుతూనే ఉన్నారు. చెమట చేయాల్సిన పని వాళ్ళు చేశారు. ఒళ్ళు చల్లబడేది చెమట కారినందుకు కాదు, ఆరినందుకు. బయట 43 డిగ్రీలుంటే గాలి మన వేడిని తీసుకోకపోగా తన వేడినే అంటిస్తుంది. ఇక మిగిలే దారి చెమటే.

ఆస్పత్రిలో నా ఒంటి వేడి 105 ఫారన్‌హీట్. ఐసు, సెలైను, రక్తపరీక్షలు, అవన్నీ అందరూ ఎరిగినవే. మాత్రల డబ్బా అడిగి చూసింది మాత్రం అక్కడి కుర్ర డాక్టరే. చెమట గ్రంథులకు నరాలు కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతోనట. నా మాత్ర మూత్రాశయంలోనే కాదు, చర్మంలోనూ ఆ కబురును ఆపేసింది. చెప్పడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. మొదటి డాక్టర్ గారికి ఆ రెండు నిమిషాలు ఎందుకు లేవో!

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మూత్రానికి, అలర్జీకి, దిగులుకు మాత్రలు వాడుతుంటే ఎండలు ముదరకముందే డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానేయకండి. ఎండలో తిరిగి వచ్చినవాళ్ళు ఒళ్ళు కాలుతూ, మాట తడబడుతుంటే ముందు నీళ్ళు చల్లి విసరండి. చెమట పడుతోంది కదా అని కూడా ధీమాగా ఉండకండి.

దేవుని కడప వెంకన్నకు మా ఆయన మొక్కుకున్నారట, వెళ్దామంటున్నారు. సరే అన్నాను, పొద్దు వాలాక అయితేనే.