క్రౌడ్‌లో ఎక్కడ నిలబడితే నాలుగు రోజుల కూలి వస్తుంది: జూనియర్ ఆర్టిస్ట్‌గా నా అనుభవం

కొత్తగా వచ్చేవాళ్ళు చాలామంది నన్ను అడిగేది ఒకటే: హీరో పక్కన కనిపించాలంటే ఏం చెయ్యాలి? డబ్బు కోసం వచ్చేవాళ్ళు మాత్రం ముందుగా కనుక్కోవాల్సింది ఆ సీన్ ఎన్ని రోజులు తీస్తారన్నది. మన కూలి రోజు లెక్కన వస్తుంది. పెళ్ళి, కోర్టు, పంచాయితీ లాంటి పెద్ద సీన్లు మూడు నాలుగు రోజులు సాగుతాయి. అక్కడ ముందు వరసలో కూర్చుంటే ముఖం షాట్‌లో పడుతుంది, కంటిన్యూటీ (సీన్‌లోని అన్ని షాట్లలో మనుషులు, బట్టలు, చోట్లు ఒకేలా ఉండటం) కోసం సీన్ అయ్యేదాకా మిమ్మల్నే పిలవాలి. బస్టాండు, సంత లాంటి ఒక్కరోజు సీన్‌లో ముందుకెళ్ళి నిలబడితే నష్టమే. ముఖం రిజిస్టర్ అయినవాళ్ళని అదే సినిమాలో ఎల్లుండి ఆసుపత్రి సీన్‌కి పిలవరు. వెనక ఉన్నవాళ్ళని చొక్కా మార్చి మళ్ళీ వాడుకుంటారు. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టింది ఈ లెక్కే.

హైదరాబాద్‌లో ఈ పనంతా కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ చుట్టూ నడుస్తుంది. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు రేపటికి ఎంతమంది కావాలో, ఎలాంటి లుక్ కావాలో జూనియర్ ఆర్టిస్టులని కుదిర్చే కోఆర్డినేటర్‌కి చెబుతారు, ఆయన మనకి మెసేజ్ పెడతాడు. రేపటి సీన్ ఖాయమయ్యేది చాలాసార్లు ఇవాళ్టి ప్యాకప్ (ఆ రోజు షూటింగ్ ముగించడం) తర్వాతే కాబట్టి ఆ మెసేజ్ రాత్రిపూట వస్తుంది. వెంటనే బదులివ్వకపోతే మీ చోటు ఇంకొకరికి వెళ్తుంది. యూనియన్ కార్డు ఉన్నవాళ్ళకే మొదటి పిలుపు. కూలి రేట్లు సినీ కార్మికుల ఫెడరేషన్‌కీ నిర్మాతలకీ మధ్య చర్చల్లో తేలతాయి, 2025 ఆగస్టులో షూటింగులు ఆగిపోయిన సమ్మె కూడా ఈ వేతనాల గురించే. కార్డు లేనివాళ్ళకి జనం ఎక్కువ కావాల్సిన రోజుల్లో పని దొరుకుతుంది, కానీ డబ్బు ఆగితే అడిగేందుకు వెనక ఎవరూ ఉండరు. అందుకే కొన్నాళ్ళు చేశాక కార్డు గురించి గట్టిగా ఆలోచించమంటాను.

కోఆర్డినేటర్‌కి పంపేందుకు స్టూడియో పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. తెల్ల గోడ ముందు, పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా మూడు ఫోటోలు చాలు: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, తల నుంచి కాళ్ళ దాకా ఒకటి. ఎత్తు, వయసు, బైక్ లేదా కారు ఉందా, ఈత వచ్చా, డాన్స్ వచ్చా అన్నవి కింద రాయండి. సొంత బండితో పాసింగ్ (షాట్‌లో అటూ ఇటూ దాటి వెళ్ళడం) ఇస్తే బండికి విడిగా మాట్లాడుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజు కడితేనే ఛాన్స్ అని ఎవరన్నా అంటే అక్కడే ఆగిపోండి. కూలిలోంచి కమీషన్ పట్టుకోవడం ఉంది గానీ, పనికి ముందే మన జేబులోంచి తీసుకోవడం మోసం.

బ్యాగులో మూడు జతలు ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి: ఆఫీసుకి వెళ్ళేలా ఒకటి, మామూలుది ఒకటి, పండక్కి కట్టుకునేలా ఒకటి. తెల్ల చొక్కా లైట్ల కింద మెరిసి దృష్టి లాగేస్తుంది. సన్నటి చారలు కెమెరాలో అలల్లా కదులుతాయి. గ్రీన్ మ్యాట్ కట్టిన సెట్‌లో ఆకుపచ్చ వేసుకుంటే గ్రాఫిక్స్‌లో ఒంటి మీద బట్టే మాయమవుతుంది. కంపెనీ పేరు పెద్దగా ఉన్న టీషర్టులు తిప్పి పంపేస్తారు. వాన సీన్ అని తెలిస్తే తువ్వాలు, లోపలి బట్టలు రెండో జత తప్పనిసరి. ట్యాంకర్ నీళ్ళలో గంటలకొద్దీ తడవాలి.

సెట్‌లో పాసింగ్ తేలిక అనుకుంటారు, ఎక్కువ టేకులు పాడయ్యేది అక్కడే. ఏ డైలాగ్ మాటకి కదలాలో అసిస్టెంట్ డైరెక్టర్‌ని అడగండి. బయలుదేరే చోటికి స్తంభమో గుమ్మమో గుర్తు పెట్టుకోండి. ప్రతి టేకులోనూ అదే వేగం, అదే దారి. దూరం షాట్‌నీ దగ్గర షాట్‌నీ ఎడిటింగ్‌లో కలిపినప్పుడు మీరు రెండుచోట్ల ఉంటే ఆ ముక్క పనికిరాదు. తప్పు అడుగు వేసినా కట్ వినబడేదాకా ఆగకూడదు, లెన్స్ వైపు చూడకూడదు. సింక్ సౌండ్ (సెట్‌లో మాటల్ని అక్కడికక్కడే రికార్డు చేయడం) తీస్తుంటే మాట్లాడుతున్నట్టు పెదాలు కదపడమే. గాజులు, మువ్వల పట్టీలు తీసేయాలి, చప్పుడు చేసే చెప్పుల కింద గుడ్డ అంటించాలి.

పెళ్ళి సీన్‌లో అక్షింతలు ఒక్కసారే విసిరేస్తే మళ్ళీ టేక్‌కి చెయ్యి ఖాళీ. కొన్ని చెంగులోనో జేబులోనో దాచుకోండి. భోజనాల సీన్‌లో నిజంగా తినడం మొదలుపెడితే టేకు టేకుకీ విస్తరి మారిపోతుంది. చిన్న ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్తే చాలు.

ఫోన్లు లోపలికి రానివ్వని సెట్లు చాలా ఉన్నాయి కాబట్టి కంటిన్యూటీకి చిన్న కాగితం ఉంచుకోండి. వాచీ ఏ చేతికి, చొక్కా చేతులు ఎన్ని మడతలు, బొట్టు ఏ రంగు, పూలు ఎన్ని మూరలు, పక్కన ఎవరు అన్నవి ప్యాకప్‌కి ముందే రాయండి. సీన్ అయ్యేదాకా జుట్టు, గడ్డం ముట్టుకోవద్దు. మంగలి దగ్గరికి వెళ్ళొచ్చారంటే మిగిలిన రోజుల కూలి పోయినట్టే.

డబ్బు విషయం వెళ్ళే ముందే తేల్చుకోవాలి: రేటెంత, కమీషన్ ఎంత, ఏ టైము దాటితే అదనం, దూరం లొకేషన్ అయితే బండి ఎక్కడినుంచి. ఉదాహరణకి రోజుకి 1,000 అనుకుని 100 కమీషన్ పోతే చేతికి 900. నాలుగు రోజుల కంటిన్యూటీకి 3,600. రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోటికి సొంత ఖర్చుతో వెళ్ళమంటే అందులోంచి ఇంకా తగ్గుతుంది. డబ్బు వెంటనే రావచ్చు, షెడ్యూల్ అయ్యాక కూడా రావచ్చు. అందుకని హాజరు వేయించుకోకుండా లొకేషన్ వదలొద్దు. రాత్రి ఆలస్యమైతే ఎన్నింటికి వదిలారో కోఆర్డినేటర్‌కి అప్పటికప్పుడే మెసేజ్ పెట్టండి, అదనపు కూలి అడిగేటప్పుడు ఆ మెసేజే ఆధారం.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకి చట్టం అండ ఉంది. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకి 5 గంటలకి మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకి మించి పని చేయించకూడదు. వాళ్ళ సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. రాత్రి దాకా ఉంచుతామంటే ఈ నిబంధన చూపించి పిల్లల్ని ఇంటికి తీసుకెళ్ళండి.