కుల్కర్ణి లేని శ్రీకాంత్‌కు సాక్ష్యం ఎవరు చెబుతారు?

‘ది ఫ్యామిలీ మ్యాన్’ వెబ్ సిరీస్ మూడో సీజన్ చివరి ఎపిసోడ్ ముగిసి తెర నల్లబడగానే మా ఇంట్లో అందరి నోటా వచ్చిన ప్రశ్న ఒక్కటే: కథానాయకుడైన గూఢచారి శ్రీకాంత్ బతికాడా, లేదా? నల్లగొండలోని మా ఇంట్లో ఆ రాత్రి పన్నెండు దాటినా ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి పడుకోలేదు. గాయాలతో మయన్మార్ సరిహద్దు దగ్గర కూలిపోయిన మనిషిని అలా వదిలేసి కథ ఆపడం అన్యాయమని వాదిస్తూనే ఉంది. నేను మాత్రం ఆ ప్రశ్న కన్నా పెద్ద ప్రశ్న ఒకటి, పైఅధికారి కుల్కర్ణి లేకపోతే శ్రీకాంత్ తరఫున సాక్ష్యం ఎవరు చెబుతారన్నది, ఈ సీజన్ మొదట్లోనే మన ముందు పెట్టారని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. దాని గురించే ఈ టపా. సీజన్ ఇంకా చూడనివారు చూశాకే చదవమని కోరుతున్నాను, ఎందుకంటే కథ మొత్తం చెప్పక తప్పదు.

శ్రీకాంత్ బతికే ఉంటాడని నా నమ్మకం. ఈ కథకు పేరు పెట్టిందే ఆయన మీద. పైగా ఈ సిరీస్ తీసిన, తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుకున్న మన తెలుగువాళ్లు రాజ్, డీకేలు ప్రేక్షకుణ్ణి అంచున నిలబెట్టి వెళ్లడం ఇది మొదటిసారి కాదు. 2019 సెప్టెంబర్ 20న వచ్చిన మొదటి సీజన్ పది ఎపిసోడ్లు నడిచి, ఢిల్లీ రసాయన కర్మాగారంలో శ్రీకాంత్ సహచరులు మిలింద్, జోయా చిక్కుకుపోయిన చోట ఆగింది. ఏం జరిగిందో తెలుసుకోవడానికి 2021 జూన్ 4 దాకా ఎదురు చూశాం. తీరా రెండో సీజన్ మొదలైతే ఆ కర్మాగారం జాడే లేదు. శ్రీకాంత్ ఉద్యోగం మానేసి, తన కన్నా చాలా చిన్నవాడైన బాసు చేత మాటలు పడుతూ ఒక ఐటీ కంపెనీలో కూర్చుని ఉన్నాడు. గ్యాస్ దాడిలో ఏమైందో తరువాత కొద్దికొద్దిగా, ప్రధానంగా నిద్ర పట్టక మందుల మీద బతుకుతున్న మిలింద్ ముఖంలో మనకు తెలిసింది. ఆ నేర్పుకు నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. జరిగిన ప్రమాదాన్ని చూపకుండా, అది మనుషుల మీద వదిలిన మచ్చను ముందు చూపారు. అయితే అదే దారిని నాలుగో సీజన్‌లో మళ్లీ తొక్కితే ఆ బలం ఉండదు.

నా దృష్టిలో ఈ సీజన్‌కు అసలు మలుపు చివర్లో లేదు, నాగాలాండ్‌లో కుల్కర్ణి చనిపోయిన చోట ఉంది. దలీప్ తాహిల్ పోషించిన ఆ పాత్రను మనం మూడు సీజన్లుగా చూస్తున్నాం. శ్రీకాంత్ ఎన్ని నిబంధనలు దాటినా, ఎక్కడికి ఎందుకు వెళ్లాడో తెలిసిన మనిషి ఆయన. ఈ సీజన్ ప్రతినాయకుడు రుక్మా దాడిలో ఆయన ప్రాణం పోగానే శ్రీకాంత్ మీద సొంత శాఖే అనుమానపడింది. పెళ్లాం పిల్లలతో ఊరు వదిలి పారిపోవలసిన గతి పట్టింది. గూఢచారి పనిలో సగం ఆదేశాలు నోటిమాటగానే వస్తాయి. ఆ మాట చెప్పిన నోరు మూతపడితే, విన్నవాడు చేసిన పని నేరంగా కనిపించడానికి ఎంతో సేపు పట్టదు. ఒకసారి అనుమానం ఫైలులోకి ఎక్కాక, తరువాత నిజం తేలినా ఆ కాగితం మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ సంగతి నన్ను ఇంతగా పట్టుకోవడానికి మా నాయనమ్మ కారణం. మాది దేవరకొండ వైపు పల్లె. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో మా తాత సంఘానికి చీటీలు మోసేవాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి రజాకార్ల పీడ విరగడైనా, సంఘంలో ఉన్నవాళ్ల కోసం వెతుకులాట ఆగలేదు; చాలామంది నల్లమల అడవుల్లోకి తప్పుకున్నారు. తాత ఇంట్లో లేని రాత్రుల్లో మిలిట్రీవాళ్లు వచ్చి తలుపు కొడితే నాయనమ్మే తీసేది. చీటీ ఒక్కోసారి ఆమె కొంగు ముడిలోనే ఉండేదట. కొంగుకు రెండు ముళ్లు వేసి, పై ముడిలో చిల్లర పైసలు, లోపలి ముడిలో చీటీ పెట్టుకునేదాన్నని, ఎవరైనా విప్పమంటే పై ముడి ఒక్కటి విప్పి చూపేదాన్నని నాకు తన చీర కొంగు పట్టుకుని చేసి చూపించింది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి, వేళ్లు వణుకుతున్నాయి, అయినా ముడి మాత్రం చటుక్కున పడింది. “ఏడికి పోయిండంటే నాకేం ఎరుక సారూ అన్న. నిజంగనే ఎరుక లేదు బిడ్డా, నేను అడగలే, ఆయన చెప్పలే,” అంది.

ఆ అడగకపోవడమే తరువాత ఆమె మెడకు చుట్టుకుంది. తాత పోయిన ఎన్నో ఏళ్లకు పింఛను దరఖాస్తు పెట్టమని ఊరి పెద్దలు చెప్పారు. తాతతో కలిసి పని చేసినవారెవరో పేర్లు రాసి, వారి సంతకాలు తేవాలన్నారు. ఆమెకు పేర్లు తెలియవు. తెలిసిన ఒకరిద్దరు అప్పటికే కాలం చేశారు. కాగితం అక్కడే ఆగిపోయింది. డబ్బు రాలేదని ఆమె బాధ పడగా నేను చూడలేదు. “మీ తాత ఉత్తగ తిరిగిండనుకుంటరు” అని మాత్రం రెండు మూడుసార్లు అంది.

అందుకే మూడో సీజన్ చూస్తున్నంతసేపూ నా చూపు ప్రియమణి పోషించిన శ్రీకాంత్ భార్య సుచి మీదే నిలిచింది. భర్త ఏ రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాడో, ఏ పేరెంట్స్ మీటింగుకు ఏ అబద్ధం చెప్పి రాలేదో, ఏ పండుగ నాడు చొక్కా మీద రక్తపు మరకతో వచ్చాడో ఆమెకు తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు. అన్నేళ్లుగా మోసమని ఆమె లెక్కపెట్టుకున్న గైర్హాజరీలన్నీ తారీఖులతో సహా ఆయన తరఫు సాక్ష్యంగా మారగలవు. కానీ విడిపోయే దాకా వచ్చిన భార్య ఆ సాక్ష్యం చెప్పాలా? చెప్పాలంటే తన ఒంటరితనాన్నంతా ఒక అధికారి ముందు విప్పి పెట్టాలి కదా. కూతురు ధృతి సంగతి ఇంకా లోతైనది. రెండో సీజన్‌లో తనను ఎత్తుకుపోయిన కుర్రవాణ్ణి తన చేతులతో చంపవలసి వచ్చిన పిల్ల ఆమె. ఆ బరువును మూడో సీజన్ దాదాపు పక్కన పెట్టిందని నా ఫిర్యాదు. ఇప్పుడు నాన్న అసలు ఉద్యోగం ఏమిటో ఆమెకూ తమ్ముడు అథర్వ్‌కూ తెలిసింది కాబట్టి, ఆ రోజు తనకు ఎందుకు అలా జరిగిందో నిలదీసి అడిగే హక్కు వచ్చింది. ఆ సంభాషణ కోసం నేను ఒక ఎపిసోడ్ మొత్తం కేటాయించినా అభ్యంతరం చెప్పను.

ఇలాంటి మలుపు తరువాత ధైర్యంగా నడిచిన కథ ఒకటి నాకు గుర్తుంది. అమెరికా ధారావాహిక ‘హోమ్‌ల్యాండ్’ మూడో సీజన్ 2013 డిసెంబర్ 15న ముగిసింది. టెహ్రాన్‌లో నలుగురి ముందు కథానాయకుడు బ్రోడీని క్రేనుకు ఉరి తీస్తారు. అమరులైన ఉద్యోగుల కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ గోడ మీద చెక్కే నక్షత్రం అతనికి ఇవ్వడానికి పైఅధికారి ఒప్పుకోకపోతే, అతన్ని ప్రేమించిన సీఐఏ అధికారి క్యారీ మార్కర్ పెన్నుతో తనే ఒక నక్షత్రం గీస్తుంది. కథానాయకుడే పోయాడు, ఇక ఏముందని చాలామందికి అనిపించే చోటు అది. 2014 అక్టోబరులో నాలుగో సీజన్ కాబూల్, ఇస్లామాబాద్‌లకు మారింది గానీ, రచయితలు బ్రోడీని మరిచిపోలేదు. అతని వల్ల తనకు పుట్టిన, అతని పోలికలున్న పసిబిడ్డకు స్నానం చేయిస్తూ క్యారీ చేయి ఒక్క క్షణం పట్టు సడలిస్తుంది. బిడ్డ నీళ్లలోకి జారుతుంది. వెంటనే ఉలిక్కిపడి పైకి తీస్తుంది. ఆ స్నానాల తొట్టి దగ్గరే పాత సీజన్ లెక్క మొత్తం తేలింది.

నా భయమల్లా రాబోయే సీజన్ ఇంకా పెద్ద శత్రువు కోసం, ఇంకో దేశం కోసం వెతుకుతుందేమోనని. జైదీప్ అహ్లావత్ రుక్మాగా ఎంత గొప్పగా నటించినా, నిమ్రత్ కౌర్ పోషించిన మీరా లండన్‌లో తిప్పే చక్రం, ఆయుధ వ్యాపారం, ప్రధాని కార్యాలయం, ఈశాన్య రాజకీయం అన్నీ ఏడు ఎపిసోడ్లలో ఇరుక్కుని ఊపిరాడలేదు. రుక్మా తప్పించుకున్నాడు కాబట్టి అతని వేట ఎలాగూ సాగుతుంది. దాన్ని శ్రీకాంత్ సహోద్యోగి జేకే చేతికి అప్పగించవచ్చు. శ్రీకాంత్ నీడలోనే ఇన్నాళ్లు నిలబడిన మనిషికి అది న్యాయం కూడా.

శ్రీకాంత్ మంచం మీద ఉన్నాడో, ఏ దేశపు చెరలో ఉన్నాడో మొదటి ఎపిసోడ్‌లో చెప్పకపోయినా ఫర్వాలేదు. సుచి ఇంటి తలుపు ఎవరో కొట్టాలి. ఆమె తీయగానే ఫైలు పట్టుకున్న ఇద్దరు అధికారులు, నాగాలాండ్‌కు వెళ్లే ముందు రాత్రి మీ భర్త మీతో ఏం చెప్పాడని అడగాలి. వెనక గది గుమ్మంలో ధృతి నిలబడి వింటూ ఉండాలి. సుచి జవాబు చెప్పే ముందు కెమెరా తొందరపడకుండా, ఆమె చేతుల మీద కాసేపు నిలవాలి.