రిపోర్టు వచ్చేలోగా గోపాల్‌పూర్

అమ్మ మెడ దగ్గర చిన్న గడ్డ కనిపిస్తే ఒడిశాలోని బరంపురం తీసుకెళ్ళి చూపించాను. థైరాయిడ్ గడ్డ అన్నారు. సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. రిపోర్టుకి నాలుగైదు రోజులు పడుతుంది, అది చూశాకే మిగతా మాట అన్నారు.

మాది పర్లాకిమిడి. ఆ ఘాటీ దారిలో బస్సులో ఇంటికెళ్ళి, మళ్ళీ రిపోర్టు కోసం రావాలంటే అమ్మకి ఒళ్ళు హూనమైపోతుంది. పోనీ బరంపురంలోనే లాడ్జీ తీసుకుందామంటే, ఆ నాలుగు గోడల మధ్య ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అదే ఆలోచిస్తూ కూర్చోవాలి. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తాడు. "గోపాల్‌పూర్‌లో ఉండండి పిన్నీ, 16 కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతూనే ఉంటాయి" అన్నాడు. సముద్రం చూడాలన్న సరదా ఏమీ లేకుండానే వెళ్ళాం.

సముద్రానికి దగ్గర్లోనే ఒక సందులో, ఓ ఇంటి మేడ మీద గది దొరికింది. ఇంటావిడ మాతో తెలుగులో, భర్తతో ఒడియాలో, చేపలామెతో రెండూ కలిపేసి మాట్లాడేది. మాకది కొత్త కాదు, మా ఊళ్ళోనూ అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. గీత ఎటు పడ్డా జనం ఉన్నచోటే ఉండిపోయారు. కానీ ఒడ్డున జాలర్ల పేటలో వినిపించిన తెలుగు మాత్రం అచ్చం శ్రీకాకుళం తీరపు తెలుగు. ఆ యాస వినగానే అమ్మ మొహంలో ఏదో వెలుగు వచ్చింది. ఆవిడ పుట్టిల్లు అటువైపే మరి.

నాకు ఆ ఊరి మీద మనసు పడింది మర్నాడు తెల్లవారుజామున. నిద్రపట్టక ఇద్దరం ఒడ్డుకి వెళ్ళాం. వేటకెళ్ళిన ఫైబర్ బోట్లు ఒక్కొక్కటీ వస్తున్నాయి. చివరి అల మీద బోటు ఇసకలోకి దూసుకురాగానే మనుషులు తాళ్ళు కట్టి, భుజాలు ఆనించి, ఒక్క గొంతుతో అరుస్తూ పైకి లాగుతున్నారు. ఆ తర్వాత వల విప్పుతారు. నన్ను కట్టిపడేసింది అదే. కవళ్ళు అనే చిన్న చేపలు వల కన్నుల్లో మొప్పల దాకా ఇరుక్కుని ఉంటాయి. వెనక్కి లాగితే చేప చితుకుతుంది, గట్టిగా గుంజితే వల తెగుతుంది. నా పక్కన కూర్చున్న ముసలాయన బొటనవేలితో తల దగ్గర చిన్నగా నొక్కి, ముందుకి తోసి, చేపని అవతలి వైపు నుంచి తీస్తున్నాడు. మాతో మాట్లాడుతూనే, చేతుల వంక చూడకుండానే. ఆయన చూపుడువేలి మీద తాడు కోసిన గీతలు తెల్లగా గట్టిపడిపోయి ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలీదు. ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక రిపోర్టు సంగతి మర్చిపోయిన మొదటి గంట అది.

అటు తిరిగి చూస్తే అమ్మ నెత్తళ్ళు బేరం చేస్తోంది! గదిలో పొయ్యి లేదని కూడా ఆలోచించలేదు. గంప ముందు కూర్చున్నావిడ అమ్మ మెడ మీద ప్లాస్టర్ చూసి, "మెడకేటయిందప్పా?" అని అడిగింది. చుట్టాలెవరికీ చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకున్న మా అమ్మ, ముక్కూ మొహం తెలీని ఆవిడకి మొత్తం చెప్పేసింది. ఆవిడ ధైర్యాలేమీ చెప్పలేదు. అంతా విని, "మాయమ్మకీ ఉండేది. కోయించుకుంది. ఇంకా చేపలమ్ముతాది" అని, ఇంకో గుప్పెడు నెత్తళ్ళు వేసింది. ఆ చేపల్ని ఇంటావిడ మామిడికాయ వేసి వండిపెట్టింది. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుని తింది. నాకప్పుడు కళ్ళు నిండాయి.

ఆ తర్వాత రోజుకి రెండుసార్లు ఒడ్డుకి. ఇసకలో నల్లటి చారలు చూసి ఏదో నూనె ఒలికిందనుకుంది అమ్మ. అది ఇల్మనైట్ అనే ఖనిజం. ఎర్రగా మెరిసేది గార్నెట్. ఆ ఖనిజాల కోసమే దగ్గర్లో ఛత్రపురం వైపు పెద్ద ఫ్యాక్టరీ ఉంది. పొడి ఇసక గుప్పెట్లోకి తీసుకుని ఊదితే తేలికది ఎగిరిపోయి నల్లది మిగులుతుంది. ఆ పని అమ్మకి భలే నచ్చింది.

ఒడ్డున పాత గోడలు, కూలిన కట్టడాలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు ఇది రేవు. స్టీమర్లు సముద్రం లోపలెక్కడో ఆగేవి, అలలు దాటించడానికి జాలర్ల పడవలే దిక్కు. మన వైపు నుంచి బతుకుతెరువు కోసం రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు ఎంతోమంది ఇక్కడే ఓడెక్కారు. మా అమ్మ తాతగారు వాళ్ళలో ఒకరు. "గోపాల్‌పూర్‌లో ఓడెక్కినారు అని మా నాయనమ్మ అంటుండేది. ఇదేనా ఆ ఊరు!" అంది అమ్మ గోడ మీద చెయ్యి వేసి. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులేసేనాటికే ఆయన తిరిగొచ్చేశారట. అక్కడ చిక్కుకున్నవాళ్ళు ఎందరో కాలినడకన అడవులు పట్టి రావలసి వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ చెప్పిన ముచ్చట్లు ఇన్నేళ్ళలో నేను ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఎప్పుడూ పనే కదా, కూర్చుంటే కదా చెప్పడానికి.

ఒకరోజు ఆటో మాట్లాడుకుని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం అది. అవి ఇంకా ఒడ్డెక్కలేదు. నీళ్ళలో తలలు మాత్రం అక్కడక్కడా తేలి మునుగుతున్నాయి. ఒక్కో తల్లి రాత్రిపూట గుంట తవ్వి వందకి పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుందట, నెలన్నర తర్వాత పిల్లలు వాటంతటవే నీళ్ళకేసి పాకుతాయట. కాపలా కాసే ఊరి కుర్రాడు చెప్పాడు. వాటి కోసం ఆ నెలల్లో పెద్ద బోట్ల వేట ఆపేస్తారు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. గోపాల్‌పూర్ సముద్రం చూడ్డానికే, దిగడానికి కాదు. ఒడ్డు దాటగానే లోతు, లాగుడు ఎక్కువ. జాలర్లని అడక్కుండా మోకాలు దాటి వెళ్ళొద్దు. లైట్‌హౌస్ సాయంత్రం కాసేపే ఎక్కనిస్తారు. పైనుంచి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పునీటి కయ్య, మధ్యలో ఊరు. మెట్లు ఎక్కువే, అమ్మ కింద కూర్చుంది. ఆదివారం జనం పోటెత్తుతారు, మామూలు రోజుల్లో వెళ్ళండి.

రిపోర్టు మంచిదే వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు, మాత్రలు వాడి ఏడాదిలోపు మళ్ళీ స్కానింగ్ చేయించమన్నారు. కాగితం చేతిలో పట్టుకుని, కాళ్ళలో వణుకు తగ్గక, ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. అమ్మ పక్కన కూర్చుని, "ఇవాళే వెళ్ళిపోవాలా?" అంది. ఇంకో రాత్రి ఉన్నాం.

స్కానింగ్ కార్తీక పౌర్ణమికి కుదిరేలా పెట్టుకుంటున్నాను. ఆ రోజు తెల్లవారకముందే ఒడిశా అంతా అరటి డొప్పలతో, కాగితాలతో చేసిన పడవల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు, పూర్వం సముద్రం మీద వ్యాపారానికి వెళ్ళినవాళ్ళ పేరు మీద. అమ్మ తన తాతగారి పేరున ఒకటి వదులుతానంటోంది. ఇంటావిడకి ఫోన్ చేసి మేడ మీద గది మాకే ఉంచమని ఇప్పుడే చెప్పేశాం. ఈసారి నాన్నని కూడా తీసుకెళ్తున్నాం.