ఘాట్ రోడ్డు కారుకు మొదట రబ్బర్లు, తర్వాత టైర్లు, చివర్లో స్ప్రింగులు

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జయపురం వెళ్లే కార్లకైనా, గుణుపురం, పర్లాకిమిడి కొండదారుల్లో తిరిగే కార్లకైనా మంచి హ్యాండ్లింగ్ అంటే ఒక్కటే: మలుపులో చక్రం రోడ్డును వదలకూడదు. మలుపు లోపలి అంచున తారు లేచిపోయి గొయ్యి ఉంటుంది, ఎదురుగా లోడు లారీ దిగుతుంటుంది, పక్కకు తప్పుకోను చోటుండదు. గొయ్యిలో పడ్డ చక్రం ఎంత తొందరగా మళ్లీ రోడ్డును పట్టుకుంటే అంత భద్రం. కారు ఎత్తు తగ్గించే గట్టి స్ప్రింగులు ఇందుకు పనికిరావు. చక్రం పైకి కదిలే దూరం తగ్గిపోయి సస్పెన్షన్ బంప్ స్టాప్‌కు (చక్రం పైకి కదలడం ఆగిపోయే చోటి రబ్బరు దిమ్మకు) కొట్టుకుంటుంది, చక్రం ఎగురుతుంది. అందుకే సస్పెన్షన్ కీళ్లలో అరిగిన రబ్బర్లు (బుష్‌లు), టైర్లు, షాక్ అబ్జార్బర్లు (షాక్‌లు), ఆఖరున స్ప్రింగులు అనే వరుసలోనే డబ్బు పెట్టమంటాను.

రబ్బర్లు, కీళ్ల పరీక్షకు పెద్ద సామానేమీ అక్కర్లేదు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో (చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే కీలు) వీల్ బేరింగో పోయినట్టు. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీలు) చూడాలి. చిన్న చిన్న గతుకుల మీద టకటకమంటే చాలాసార్లు లింక్ రాడే (కారు పక్కకు ఒరగకుండా ఆపే బార్‌ను చక్రం వైపుకు కలిపే చిన్న కడ్డీ) కారణం. బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంటే, బ్రేకులు బాగానే ఉన్నాయని తేలాక, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి కారుకు కలిపే చెయ్యి) వెనక బుష్‌ను రాడ్డుతో కదిపి చూడండి. ఇవి పోయిన కారుకు కొత్త షాక్‌లు వేసినా స్టీరింగ్ తేలుతూనే ఉంటుంది.

బుష్‌లు మార్చేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కారు కిందికి దిగగానే లోపలి రబ్బరు మెలిపడి ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉంటుంది, కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. బోల్టులు చేత్తో పట్టించి, కారు బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. దగ్గరుండి చేయించుకోండి.

ఇక టైర్లు. స్విఫ్ట్ లాంటి కారునే తీసుకుంటే, కింది వేరియంట్లలో 165/80 ఆర్14, పై వేరియంట్లలో 185/65 ఆర్15 వచ్చాయి (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు గోడ ఎత్తు అందులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో). లెక్క వేస్తే మొదటిది సుమారు 620 మిల్లీమీటర్ల ఎత్తు, రెండోది 621.5. తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపదు. 15 అంగుళాల రిమ్ముకు మారాలంటే ఇదే సరైన అడుగు. 195/65 ఆర్15 వేస్తే ఎత్తు 634.5కు చేరి మీటరు రెండు శాతం తక్కువ చూపుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటుందేమో చూసుకోవాలి. 16 అంగుళాలు నాకు నచ్చదు. టైరు గోడ పొట్టిదై గొయ్యి దెబ్బంతా రిమ్ము మీద పడుతుంది. రిమ్ములు కొనేటప్పుడు బోల్టు కొలత 4×100 (100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు బోల్టులు), మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు చూడండి. రంధ్రం పెద్దదైతే సెంటర్ రింగులు వేయించకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ (రిమ్ము లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పే అంకె) కంపెనీ అంకెకు దగ్గరగానే ఉంచండి.

టైరు గోడ మీది నాలుగంకెల తేదీ తప్పక చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం. లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 1.6 మిల్లీమీటర్లు చట్టం చెప్పే కనీస గాడి లోతు. వానాకాలం ఘాట్‌లకు అది చాలదు, 3 దగ్గరే మార్చేయాలి.

రెండే కొత్త టైర్లు కొనగలిగితే వెనక్కి వేయించండి. ఇంజను ముందుంది కదా అని షాపులో ముందుకే వేస్తామంటారు. ముందు పట్టు తప్పితే కారు నేరుగా జారుతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. తడి మలుపు దిగుతూ వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది, లోయ పక్కన దాన్ని సర్దుకునే వ్యవధి ఉండదు.

షాక్‌లు ఎప్పుడూ జతగా మార్చాలి. ఆయిల్ కారడం, టైరు మీద అక్కడక్కడా గుంటలు అరగడం, బ్రేకుకు ముక్కు బాగా వంగడం గుర్తులు. కంపెనీ స్ప్రింగు ఉంచి కాస్త గట్టి గ్యాస్ షాక్ వేస్తే మన దారులకు సరిపోతుంది. స్ట్రట్ (ముందు చక్రం దగ్గర షాక్, స్ప్రింగు కలిసిన భాగం) పైనుండే మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, డస్ట్ బూట్ కూడా అప్పుడే కొత్తవి వేయాలి. లేకపోతే కూలీ రెండుసార్లు పడుతుంది. కొత్త షాక్‌ను నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి, పడుకోబెట్టినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. పై నట్టును ఇంపాక్ట్ గన్‌తో (నట్లు తిప్పే యంత్రంతో) బిగిస్తే రాడ్డు గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. రాడ్డును అలెన్ కీతో పట్టుకుని చేత్తోనే బిగించాలి. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పనివ్వకండి, అది ప్రాణం తీయగలదు.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు వద్దు. రెండు చుట్లు కదలకుండా పోతే భారమంతా మిగతావాటి మీద పడుతుంది, గట్టిపడిన స్ప్రింగును పాత షాక్ ఆపలేదు. ఇంటిల్లిపాదీ, డిక్కీ నిండా సామానూ ఎక్కితే వెనక భాగం కుంగుతోందా? స్ప్రింగు అలసిందేమో చూసి అదే రకం కొత్త జత వేయండి. ఎత్తు మారేలా స్ప్రింగులు మార్చే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, బీమా షరతులు చదవాలి.

స్ట్రట్ కింద ఉండే రెండు బోల్టులు విప్పితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం) మారుతుంది కాబట్టి పని ముగిశాక అలైన్‌మెంట్ తప్పదు. యంత్రం ఇచ్చిన ముందూ తర్వాతా కాగితాలు రెండూ అడిగి తీసుకోండి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా ఉంటే టైరు అంచు చేత్తో నిమిరితే రంపంలా తగులుతుంది. వీల్ నట్లు టార్క్ రెంచితో మాన్యువల్ అంకెకు బిగించి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి. కొత్త స్ప్రింగులైతే 1,000 కిలోమీటర్లకు మరోసారి అలైన్‌మెంట్.

టైర్లలో గాలిని డోర్ దగ్గరి స్టిక్కర్ ప్రకారం, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. నిండు లోడుకు అదే స్టిక్కర్‌లో వేరే అంకె ఉంటుంది. ఘాట్ ఎక్కాక నాలుగు పీఎస్ఐ పెరిగినట్టు కనిపిస్తే వేడికి పెరిగిందే, తీయించకండి.