బరోగ్ పాత సొరంగంలో ఫొటోలు: నా అనుభవం

కల్కా–సిమ్లా చిన్న రైలు ఎక్కినవాళ్లకి బరోగ్ సొరంగం తెలిసే ఉంటుంది. నెంబరు 33, పొడవు 1,143 మీటర్లు దాటి ఉంటుంది, రైలు లోపలికి వెళ్తే బయటపడటానికి రెండు మూడు నిమిషాలు. మేం వెళ్లింది దానికి కాదు. అక్కడికి దాదాపు ఒక కిలోమీటరు దూరంలో, చెట్ల మధ్య, సగంలో వదిలేసిన పాత సొరంగం ఒకటి ఉంది, దయ్యం ఉందని పేరు పడింది దానికే.

కథ చాలామందికి తెలిసిందే. ఈ లైనులో రైళ్లు నడవడం 1903లో మొదలైంది. అంతకుముందు బరోగ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కొండకి రెండు వైపుల నుంచీ తవ్వించాడని, రెండు కొసలూ కలవలేదని, ప్రభుత్వం ఒక్క రూపాయి జరిమానా వేసిందని, ఆ అవమానం తట్టుకోలేక తనని తాను కాల్చుకున్నాడని చెబుతారు. తర్వాత హారింగ్టన్ అనే చీఫ్ ఇంజనీరు కొత్త సొరంగం పూర్తి చేశాడు, భల్కు అనే స్థానిక సాధువు దారి చూపించాడంటారు. ఆ భల్కు పేరు మీద సిమ్లాలో రైల్ మ్యూజియం కూడా ఉంది. నాకు ఈ కథలో దయ్యం కన్నా ఆ కలవకపోవడమే ఎక్కువ ఆసక్తి. కొండ లోపల అవతలివాళ్లు కనిపించరు, పైనుంచి కొలిచిన గీతనే నమ్ముకుని తవ్వాలి, అందులో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఐదు వందల మీటర్లు తవ్వేసరికి దాదాపు 9 మీటర్లు పక్కకి పోతాం. అంటే పక్కపక్కనే తవ్వుకుంటూ ఒకరినొకరు దాటిపోవచ్చు. ఆ ఖాళీని ఫొటోలో చూపించాలని నా ఆశ.

మేం ముగ్గురం బెంగళూరు మారతహళ్లిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటాం, మా ఊళ్లు హిందూపురం, కర్నూలు, నెల్లూరు. చీకట్లో ఫొటో తీయడం ముందుగా ఇక్కడే నేర్చుకోవాలని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రి పదకొండు దాటాక లైట్లు ఆపించి మొదలుపెట్టాం. మదనపల్లె నుంచి వచ్చిన వాచ్‌మన్ అన్న కుర్చీ వేసుకుని మరీ చూసేవాడు. "ఏం సార్, దయ్యానికి రిహార్సలా?" అన్నాడు ఒకరోజు. పద్ధతి కష్టమేం కాదు. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఎఫ్8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 400 (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పేది), షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉండేలా పెట్టి, ఆటోఫోకస్ ఆపేసి దూరంగా గోడ మీద టార్చి వేసి చేత్తో ఫోకస్ పెట్టుకోవాలి. ఆ 30 సెకన్లలో ఒకడు టార్చి పట్టుకుని గోడల మీద సున్నం వేసినట్టు వెలుతురు పూస్తూ నడవాలి. వాడు ఆగకుండా కదిలితే ఫొటోలో కనిపించడు, ఎక్కడైనా పది సెకన్లు నిలబడి అక్కడి వెలుతురు మీద పడిందా, వెనక గోడ ఒంట్లోంచి కనిపించే మనిషి తయారు. అది చూసి వాచ్‌మన్ అన్న ఆ రాత్రికి సెల్లార్‌లోకి రానన్నాడు.

ప్రయాణం గురించి చెప్పాల్సింది ఒక్కటే, బ్యాటరీలన్నీ చేతి బ్యాగులో పెట్టుకోండి, స్పేర్ లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయనివ్వరు. చండీగఢ్ దాకా విమానం, కల్కా నుంచి రైలు.

బరోగ్‌లో దిగి టీ కొట్టు దగ్గర దారి అడిగితే, ఆయన ముందు మా బూట్లు చూశాడు, తర్వాత "సాబ్ మంచోడే, ఎవర్నీ ఏమీ అనడు, రాళ్లే జాగ్రత్త" అని హిందీలో చెప్పి (సాబ్ అంటే దయ్యమైన బరోగ్ దొర), తన మేనల్లుణ్ని తోడు పంపాడు. చీడ్ (పైన్) చెట్ల కింద రాలిన సూదుల్లాంటి ఆకుల మీద కాలు జర్రున జారుతుంది, ట్రైపాడ్‌ని కర్రలా వాడుకుంటూ దిగాం. సొరంగం నోరు నేను ఊహించినదానికన్నా చిన్నది. చిన్న గేజు లైను కదా, పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లే, దానికి తగ్గట్టే ఉంటుంది.

లోపలికి ఎంత దూరం వెళ్లాలన్నది బెంగళూరులోనే తేల్చుకున్నాం, వెనక్కి తిరిగితే బయటి వెలుతురు కనిపించేంత వరకే. దీనికీ దయ్యానికీ సంబంధం లేదు. అవతలి కొస తెరుచుకోని సొరంగంలో గాలి ఆడదు, లోపలికి పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గినా వాసనతోనో రంగుతోనో తెలియదు, పైగా వందేళ్లు దాటిన పైకప్పు. నెల్లూరు వాడు బయటే కూర్చున్నాడు, పావుగంటకోసారి అరిచి పలకరించాలని ఒప్పందం. వాడు ఎక్కువగా అరిచింది "రేయ్, ఆకలేస్తుంది!" అని.

మొదట లెన్స్ మొత్తం ఆవిరి పట్టేసింది. నవంబరు చలికి కెమెరా చల్లబడి ఉంది, లోపలేమో తడి, కొంచెం వెచ్చదనం. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఆ వేడికి అలవాటు పడేదాకా ఆగడమే. ఆ కాసేపు టార్చీలు ఆపేసి నిలబడ్డాం. నీటి చుక్కలు పడే చప్పుడు గోడలకి తగిలి తిరిగొస్తుంటే ఎవరో వెనక నడుస్తున్నట్టే ఉంటుంది, నిజం చెప్పాలంటే టెన్షన్ పడ్డాను, కర్నూలు వాడు హనుమాన్ చాలీసా మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

తర్వాత పని సాఫీగా సాగింది. టార్చి కెమెరా ఉన్న చోటునుంచే నేరుగా వేస్తే గోడ చప్పగా వస్తుంది, గోడకి పక్కవాటంగా వేస్తే ఉలి దెబ్బలన్నీ నీడలతో లేచి కనిపిస్తాయి. నాకు కావాల్సింది ఆ దెబ్బలే. నేను కొసదాకా వెళ్లలేదు కాబట్టి కలవని చోటు ఫొటో నా దగ్గర లేదు, మనిషి చేత్తో కొట్టిన గోడలు చీకట్లోకి పోయి ఆగిపోయే ఫొటో ఉంది. దాంతో తృప్తిపడ్డాను.

కావాలనే ఒక ఫొటో ఫ్లాష్‌తో తీశాను. అనుకున్నట్టే గాల్లో తెల్లటి గుండ్రాలు తేలాయి. దయ్యాల ఫొటోలంటూ తిరిగేవాటిలో చాలా భాగం ఇవే. లెన్స్‌కి దగ్గర్లో ఉన్న దుమ్ము, నీటి తుంపర ఫ్లాష్ వెలుతురుని తిప్పికొడతాయి, ఫోకస్‌లో ఉండవు కాబట్టి గుండ్రంగా ఉబ్బి కనిపిస్తాయి. మా సెల్లార్ దుమ్ములో కూడా సరిగ్గా ఇలాంటివే వచ్చాయి.

మారతహళ్లికి వచ్చాక రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫొటోలు) సరిచేస్తూ వారాంతాలు గడిచాయి. టార్చి వెలుతురు నీలంగా, బయటినుంచి వచ్చేది ఇంకో రంగులో ఉంటే రెండూ కలపడం తలనొప్పి, వెళ్లేవాళ్లు టార్చీలన్నీ ఒకే రకం కొనుక్కోండి. ఇంటి గ్రూపులో పెట్టగానే మా అక్క ఒక ఫొటోని పెద్దది చేసి, రాతిలో ముఖం ఉందని ఎర్ర గీత గీసి పంపింది. అది ఉలి గాట్ల నీడ అక్కా అంటే, "నువ్వు చూడలేదులే" అంది. అమ్మ దిష్టి తీస్తానని ఇంటికి రమ్మంది.

ఎవరైనా వెళ్తుంటే వానాకాలం వద్దు, ఆ బురదలో ట్రైపాడ్ నిలబడదు. ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి, బయట ఒకర్ని కూర్చోబెట్టండి, వాడికి ముందే ఏదైనా తినడానికి ఇచ్చి కూర్చోబెట్టండి.