చిల్లర అందుకోలేని చేయి

ఇరవై రెండేళ్లుగా బస్సు కండక్టరుని. గుంతలో పడి బస్సు ఎగిరినా, జనం మధ్యలోంచి ఎవరో చాచిన రూపాయి బిళ్లను టికెట్ మిషన్ వైపు చూస్తూనే అందుకునేవాణ్ని. అదొక విద్య అని ఏనాడూ అనుకోలేదు.

నిరుడు ఒక తెల్లవారుజామున లేచేసరికి ఇల్లు గిర్రున తిరిగింది, వాంతులు. పైత్యమనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను. మధ్యాహ్నానికి నడక తూలింది. చిన్నమెదడులో కుడివైపు రక్తనాళం మూసుకుపోయిందని స్కానింగులో తేలింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లో ఇవ్వాలట. ఆ మజ్జిగ గ్లాసు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

పెద్దమెదడు దెబ్బతింటే ఎదుటివైపు చేయి పడిపోతుంది, చిన్నమెదడుకైతే అదే వైపు. నా కుడిచేతికి బలం ఉంది, గురి లేదు. డాక్టరు గారు తన వేలు ముట్టుకోమన్నారు. దగ్గరికి వెళ్తున్నకొద్దీ వణుకుతూ ఎలాగో ముట్టుకున్నాను. ఆయన వేలు పక్కకు జరిపారు. నా చేయి పాతచోటికే వెళ్లి, ఆలస్యంగా తిరిగి, కొత్తచోటు దాటిపోయి ఆయన కళ్లజోడును కింద పడేసింది.

1986లో వెలువడిన ఒక ప్రయోగం గురించి ఫిజియోథెరపిస్టు చెప్పింది. మనుషులు వెలిగే చుక్క వైపు చేయి చాస్తుండగా, సరిగ్గా వాళ్ల కన్ను కదిలే క్షణంలో చుక్కను జరిపారు. జరిగినట్టు ఎవరికీ తెలియలేదు, చేతులు మాత్రం కొత్తచోటికే వెళ్లాయి. కంటి కబురు కోసం ఆగకుండా చేయి ఎక్కడికి చేరుతుందో చిన్నమెదడు ముందే లెక్కగడుతుందట. నా లెక్కల గుమాస్తా చెప్పకుండా సెలవు పెట్టాడన్నమాట.

రోజూ సాయంత్రం మా ఆవిడ బల్ల మీద నిమ్మకాయ దొర్లించేది. నేను పట్టినవి తక్కువ, ఆవిడ మంచం కింద వెతికి తీసినవి ఎక్కువ. ఒకరోజు విసుగొచ్చి, "ఏమండీ, దాని వెంట పడకండి, అది వచ్చేచోట చేయి పెట్టండి" అంది. ఫిజియోథెరపిస్టు నెలరోజులుగా చెబుతున్నదీ అదే. ఆ సాయంత్రం పదిలో నాలుగు దొరికాయి.

ఏడు నెలలకు డ్యూటీలో చేరాను. రెండోరోజు ఒక పెద్దాయన పది రూపాయల బిళ్ల చాచారు. డ్రైవరు బ్రేకు వేశాడు, ఆయన చేయి జానెడు పక్కకు జరిగింది. చూసేసరికి బిళ్ల నా అరచేతిలో ఉంది. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

"చిల్లర ఇవ్వవా, బాబూ?" అన్నారాయన.