సింగపూర్‌లో డబ్బాల వేట

వైజాగ్ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి మా ఎంవీపీ కాలనీలో చాలామంది చూసి వచ్చేశారు. అందరి ఫోటోలూ ఒకటే: మెర్‌లయన్, మెరీనా బే, సెంటోసా. మేం మాత్రం జియోకాషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాల్ని జీపీఎస్ సాయంతో వెతికే ఆట, దాని యాప్ చూపించిన దారిలో తిరిగాం.

జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని తేడా పెట్టే పద్ధతిని అమెరికా 2000 మే మొదట్లో ఆపేసింది. దాంతో చోటు కచ్చితంగా తెలియడం మొదలైంది. వెంటనే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్‌లో ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెట్టాడు. ఆట అలా పుట్టింది.

ఫోర్ట్ కానింగ్ కొండ మీద బాణం గుర్తు ఒక ఇనుప రెయిలింగ్ దగ్గర ఆగింది. చెట్ల కింద ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. మా ఆయన ఫోటో తీస్తున్నట్టు నటిస్తుంటే, నేను రెయిలింగ్ అడుగున తడిమాను. వేలి గోరంత అయస్కాంతపు డబ్బా! లోపల బిగించి చుట్టిన కాగితం, ఉక్కకి మెత్తబడిపోయి. పేరు, తేదీ రాసి మళ్ళీ అక్కడే అంటించాం.

"దీనికోసమా ఇంత ఎండలో?" అన్నారాయన. హెండర్సన్ వేవ్స్ వంతెనకి మాత్రం తనే ముందు బయల్దేరారు. రోడ్డుకి 36 మీటర్ల ఎత్తున, అలలా వంగిన చెక్క నడకదారి. డబ్బా దొరక్కపోయినా ఆ నడక దండగ కాదు.

ఒక్క మాట: మెట్రో స్టేషన్ల దగ్గర ఇలా తడుముతూ తిరగకండి, అనవసరపు టెన్షన్.

ఎర్త్‌కాష్ అని ఇంకో రకం ఉంది. డబ్బా ఉండదు, రాళ్ళూ మట్టీ గమనించి, ప్రశ్నలకి జవాబులు పంపాలి. మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకి అదే సరైనది. అక్కడ తవ్వి ఏదీ దాచకూడదు.